గవ్వలపాలెం నిరీక్షణ మహోత్సవం

ఆ నగరానికి ఒక పక్కంతా సముద్రం, మిగతా మూడు పక్కలా కార్పొరేషన్. ఈ రెండింటి మధ్యా చిక్కుకున్న జనానికి తమ ఊళ్ళో ఎక్కడ ఏం జరుగుతోందో తెలియడం లేదనీ, అందుకే సాయంకాలమయ్యేసరికి ఇళ్ళల్లో చేరి నిస్సారంగా కాలం వెళ్ళబుచ్చుతున్నారనీ పైవాళ్ళకు ఒకనాడు గట్టి అనుమానం వచ్చింది. పైన అనుమానం వస్తే కింద ఒక విభాగం పుడుతుంది. అలా పుట్టిందే స్థానిక సందడుల అన్వేషణ విభాగం. దానికో ఆఫీసు, ఆఫీసుకో అధిపతి, అధిపతికో కారు, వీటన్నిటికీ కలిపి 'మన సందడి' అనే యాప్ ఏర్పాటయ్యాయి. ఇక లేనివల్లా సందళ్ళే.

సందడి అంటే ఏమిటన్న మీమాంస కొన్నాళ్ళు నడిచింది. చివరికి ఒక ఉత్తర్వు వెలువడింది. "పదిమందికి తగ్గకుండా జనులు ఒకే స్థలమునందు, కంటికి కనబడు పని ఏదియు లేక, అరగంటకు మించి గుమికూడిన యెడల అది సాముదాయిక కార్యక్రమముగా పరిగణింపబడును."

ఉత్తర్వు రావడమే ఆలస్యం, ఊరంతా ఉత్సవాలు బయటపడ్డాయి. రేషన్ షాపు ముందు క్యూ 'ధాన్య నిరీక్షణ'గా యాప్‌కెక్కింది. కుళాయి దగ్గర బిందెల తగాదా 'వీధి నాటకం, ప్రతి ఉదయం'గా నమోదైంది. ఒక రిటైర్డ్ మేష్టారు భార్యతో సహా వెళ్ళి ఆ నాటకం చూసి, రెండో బిందె విసిరిన ఆవిడ నటన సహజంగా ఉందని మెచ్చుకుంటూ యాప్‌లో అయిదింటికి నాలుగు చుక్కలు కూడా ఇచ్చి వచ్చాడు. మూడో బిందె తనకు తగలకపోయి ఉంటే అయిదు ఇచ్చేవాడే.

ఈ గొడవేదీ గవ్వలపాలెం మసేనమ్మకు తెలియదు. ఆవిడకు తెలిసిందల్లా ఒకటే. తమ ఒడ్డున దీపం లేదు.

గవ్వలపాలెం ఊరికి ఉత్తరపు కొసన ఉన్న చేపల పేట. వేటకెళ్ళిన బోట్లు ఒడ్డుకు చేరాలంటే నీళ్ళలోని రెండు పెద్ద రాళ్ళ సందులోంచి రావాలి. పగలైతే కళ్ళు మూసుకుని వచ్చేస్తారు. చీకటి పడ్డాక కళ్ళు తెరిచినా సందు కనబడదు. ఒడ్డున ఒక దీపస్తంభం ఉన్నన్నాళ్ళూ ఇబ్బంది లేకపోయింది. పెద్ద తుపానుకు అది కూలింది. అప్పటినుంచి రెండు బోట్లు రాళ్ళకు కొట్టుకుని పగిలాయి, అందులో ఒక బోటు నడిపిన సోమయ్య కాలు విరిగి మూలనపడ్డాడు. మసేనమ్మ మొగుడు యల్లాజీ ఇంకా ఆ సందులోంచే వెళ్తున్నాడు, ఆ సందులోంచే వస్తున్నాడు.

దీపం కోసం మసేనమ్మ కాళ్ళరిగేలా తిరిగింది. చేపల గంప అమ్ముడుపోగానే అదే గంప చంకన పెట్టుకుని ఆఫీసులకు వెళ్ళేది. దీపాల విభాగంవారు ఆవిడ చెప్పిందంతా ఓపిగ్గా విని, "దీపం మా పరిధిలోనిదే. అయితే స్తంభమును ఇసుకయందు పాతవలసి యున్నది. ఇసుక మా పరిధిలోనికి రాదు" అన్నారు. తీర విభాగానికి వెళ్తే, "ఇసుక మాదే. దానిపై వెలుతురు ప్రసరింపజేయుటకు మాకు అధికారము లేదు" అన్నారు. రెండు ఆఫీసులూ ఒకే మేడమీద, ఒకే వరండాలో ఎదురెదురుగా ఉన్నాయి. మధ్యలో నిలబడి మసేనమ్మ రెంటినీ తిట్టి ఇంటికొచ్చేది.

ఒక సాయంకాలం యల్లాజీ బోటు రాలేదు. తక్కినవన్నీ వచ్చేశాయి. మసేనమ్మ ఒడ్డున ఇసుకలో కూర్చుంది.

ఆ పేటలో ఒక అలవాటుంది. ఏ ఇంటి బోటు ఆలస్యమైతే ఆ ఇల్లాలిని ఒంటరిగా వదలరు. ఒక్కొక్కరే వచ్చి పక్కన కూర్చుంటారు. ధైర్యం చెప్పరు, ఏడవరు, ఊసులాడరు. ఎవరో ఒకరు క్యాన్‌తో టీ తెస్తారు. బోటు కంటపడేదాకా ఎవరూ లేవరు. దీన్నే తోడు కూర్చోవడం అంటారు. కిందటి వారమే మసేనమ్మతో జుట్టూ జుట్టూ పట్టుకున్న కొర్లమ్మ కూడా ఆరోజు వచ్చి, మొహం పక్కకు తిప్పుకుని మరీ తోడు కూర్చుంది.

సరిగ్గా అప్పుడే మోటారు సైకిల్ మీద కూర్మారావు వచ్చాడు. మెడలో కార్డు వేలాడుతున్న ఈ మనిషి అన్వేషణ విభాగంలో కాంట్రాక్టు మీద పనిచేసే అన్వేషకుడు. నెలాఖరులోగా చెప్పుకోదగ్గ సందడి ఒకటి కనిపెట్టకపోతే కాంట్రాక్టు పొడిగించబోమని ఆ ఉదయమే చెప్పారు. పాపం, ఊళ్ళో క్యూలన్నీ తోటివాళ్ళు ముందే పట్టేసుకున్నారు. ఒడ్డున కూర్చున్న ఆడవాళ్ళను వేలితో లెక్కపెడుతూ దగ్గరికొచ్చాడు.

"అమ్మా, ఇది ఏ కార్యక్రమం?"

"ఏ కార్యక్రమమూ నేదు బాబూ. మా ఇంటాయన బోటు రానేదు. కూకున్నాం."

"ఎంతసేపయింది?"

"పొద్దుగూకిన కాడి నించీ."

"ఇక్కడేమైనా పని చేస్తున్నారా?"

"పనేటి సేస్తాం? సూస్తన్నాం."

కూర్మారావు మొహం చేటంతయింది. నాలుగు ఫొటోలు తీసుకుని, ఎవరో ఇచ్చిన టీ తాగి, గ్లాసు కడిగి మరీ ఇచ్చి వెళ్ళిపోయాడు. కాసేపటికి యల్లాజీ వచ్చాడు. ఇంజను మొరాయించిందట. రాళ్ళ సందులో బోటు పక్కంతా గీసుకుపోయింది. మసేనమ్మ లేచి, అన్నం వండటానికి వెళ్ళింది.

మర్నాడు ఊళ్ళో ఫోన్లన్నీ మోగాయి. "మీకు సమీపంలో: సంధ్యా నిరీక్షణ. కడలి అంచున మహిళామణుల మౌన సమారోహం. టీ ఉచితం."

శనివారం సాయంత్రానికి గవ్వలపాలెం ఒడ్డున ఇసకవేస్తే రాలనంత జనం. మొక్కజొన్న పొత్తుల బళ్ళొచ్చాయి, రంగుల రాట్నం వచ్చింది. రానిది నిరీక్షణ ఒక్కటే. ఆరోజు బోట్లన్నీ వెలుతురుండగానే తిరిగొచ్చాయి, ఆడవాళ్ళు ఎవరిళ్ళల్లో వాళ్ళు చేపలు తోముకుంటున్నారు. జనం మండిపడ్డారు. "ఎవరూ నిరీక్షించడం లేదు. ఇది మోసం" అని యాప్‌లో రాశారు. ఒకాయన ఏకంగా మసేనమ్మ గుమ్మంలోకొచ్చి, "ఏమ్మా, ఎప్పుడు మొదలెడతారు? మేము మళ్ళీ బస్సందుకోవాలి" అని గట్టిగా అడిగాడు. ఆవిడ ముందున్న కత్తిపీట వైపు చూసి, తర్వాత మెత్తగా అడిగాడు.

సోమవారం విభాగాధిపతి భానోజీరావు స్వయంగా కారులో దిగాడు. వెనకే కూర్మారావు. భానోజీరావు మాట్లాడితే మైకు లేకపోయినా ఉన్నట్టే ఉంటుంది.

"సోదరీమణులారా! మీయందు ఇంతటి ప్రాచీన నిరీక్షణా సంప్రదాయము దాగియుండగా, దానిని మీరు క్రమశిక్షణ లేకుండా, ఇష్టము వచ్చిన రోజున ఆచరించుట విచారకరము. ఇకమీదట ప్రతి శనివారము సాయంత్రము నిర్ణీత సమయమునకు నిరీక్షించవలెను."

ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. మసేనమ్మ మాత్రం ఆలోచించింది.

"బాబూ, సీకట్లో కూకుంటే మేం సూడ్డానికొచ్చినోళ్ళకి కనబడాల కదా. దీపం ఎలిగిస్తారా?"

"కార్యక్రమమునకు దీపము కావలెను. అది వేదికాలంకరణ పద్దు క్రిందికి వచ్చును."

"ఇసకలో పాతొచ్చా?"

"వేదిక యెచ్చట నున్న అచ్చటనే పాతవచ్చును."

మసేనమ్మ కొర్లమ్మకేసి చూసింది. కొర్లమ్మ తగవు మరిచిపోయి మసేనమ్మకేసి చూసింది. "అలగయితే శనారమొక్కటే ఏటి బాబూ," అంది మసేనమ్మ, "రోజూ కూకుంటాం."

భానోజీరావు కళ్ళు చెమర్చాయి. ప్రజల్లో ఇంత ఉత్సాహం ఆయన సర్వీసులో చూడలేదు.

అదే వారం స్తంభం లేచింది, కరెంటు తీగ లాగారు, పైన నాలుగు పెద్ద దీపాలు బిగించారు. మొదటి రోజు స్విచ్చి వెయ్యగానే రాళ్ళ సందు పట్టపగలులా కనబడింది. బోట్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి చేరాయి. యల్లాజీ ఇసుకలోకి దూకి, "ఒలే మసేనీ, పెళ్ళినాడు నీ మొగం కూడా ఇంత ఎలుగులో సూళ్ళేదే" అన్నాడు. ఆ రాత్రి ఆవిడ చాన్నాళ్ళకు కంటినిండా నిద్రపోయింది. నిరీక్షించినట్టు నటించడం ఎంతసేపు? కూర్చోడమే కదా, కాళ్ళకు కాస్త విశ్రాంతి అనుకుంది.

అనుకున్నంత తేలిక కాలేదది. ఇసుకలో కూర్చోవడం నాగరికంగా లేదని కుర్చీలు వేశారు. కుర్చీలు వరసగా ఉన్నాయి గనక చీరలూ వరసగా ఉండాలని అందరికీ నీలం చీరలిచ్చారు. తర్వాత రాజధాని నుంచి ఒక భావ ప్రకటన నిపుణుడు దిగాడు. అతను పేట ఆడవాళ్ళకు ఎదురుచూడటం నేర్పాడు.

"చూపు దిగంతరేఖ మీద నిలవాలి. గడ్డం కొంచెం పైకి. ఆశ అరవై పాళ్ళు, దిగులు నలభై పాళ్ళు. మీరు, మూడో కుర్చీ, మీ ముఖంలో దిగులు బొత్తిగా చాలడం లేదు."

"మా ఆయన ఇందాకే వొచ్చీసి అన్నం తింతన్నాడు బాబూ, దిగులెక్కడి నుంచి తెత్తాను?" అంది మూడో కుర్చీలోని కొర్లమ్మ.

"గతాన్ని గుర్తుచేసుకోండి."

కొర్లమ్మ గతాన్ని గుర్తుచేసుకుంది. అందులో మసేనమ్మ లాగిన జుట్టు ఉంది. దిగులు బదులు కోపం వచ్చింది, అదీ చాలదన్నాడు.

ఉత్తమ నిరీక్షకురాలి బహుమతి పెట్టారు. తోడు కూర్చునేవారికి గుర్తింపు కార్డులిచ్చారు. కార్డు లేకుండా పక్కన కూర్చుంటే నేరమని బోర్డు కట్టారు. ఈ వైభవం చూసి పక్క పట్నాలవాళ్ళు కూడా అర్జీలు పెట్టుకున్నారు. సముద్రం లేని ఒక ఊరివారు తమకు రైల్వే స్టేషన్ ఉందనీ, అక్కడ ఎదురుచూపులకు కొదవే లేదనీ రాశారు. కూర్మారావు కాంట్రాక్టు పొడిగించారు. శాలువా కూడా కప్పారు. ఉక్కపోతలో ఆ శాలువా భుజాన మోస్తూ అతను రోజూ వచ్చి, ఆడవాళ్ళ మొహాల్లోకి సూటిగా చూడలేక సముద్రాన్ని చూసి పోయేవాడు.

అంతలో ఒక ఉపద్రవం వచ్చిపడింది. చుక్కలు తగ్గిపోయాయి. జనం రాసిందంతా ఒకటే ఫిర్యాదు: "వాళ్ళిలా కూర్చుంటారు, బోట్లలా వచ్చేస్తాయి. చూడ్డానికేముంది?"

సమీక్షా సంఘం కూర్చుంది. సమోసాలు తింది. లేచి నివేదిక ఇచ్చింది. "నిరీక్షణ క్షీణించుటకు కారణము బోట్లు సకాలమున వచ్చుట. బోట్లు సకాలమున వచ్చుటకు కారణము దీపము. కావున దీపమును తొలగించిన పక్షమున నిరీక్షణ పూర్వవైభవమును సంతరించుకొనును."

కబురు తెలిసి మసేనమ్మ గుండెలు బాదుకుంటూ ఆఫీసుకు పరుగెత్తింది. భానోజీరావు ఎంతో దయగా విన్నాడు.

"నీ బాధ నాకు అర్థమైనదమ్మా. దీపము తీసివేయుట అమానుషమని నేను సంఘముతో వాదించితిని. మధ్యేమార్గము సాధించితిని. దీపము ఉండును. అయితే బోట్లు మేము చెప్పినప్పుడు రావలెను. ఎర్రజెండా చూపినంతసేపు రాళ్ళకు ఆవలనే నిలువవలెను. అట్లు అంగీకరించనిచో దీపము మాత్రము నా చేతిలో లేదు."

మసేనమ్మ ఇంటికొచ్చి యల్లాజీతో చెప్పింది. "దీపం ఉంటే సాలు. కాసేపు ఆగితే అరిగిపోతామేటి" అన్నాడతను. దీపం అలవాటైపోయిన మనిషి మరి.

ఆ మధ్యేమార్గానికి ప్రారంభోత్సవంగా నిరీక్షణ మహోత్సవం ప్రకటించారు. రాజధాని నుంచి ముఖ్య అతిథి వస్తున్నాడు. ఏ సభైనా జ్యోతి ప్రజ్వలనతో మొదలవ్వాలి. ఇత్తడి దీపం పెట్టి చూస్తే సముద్రం గాలికి వత్తి నిలవలేదు. దాంతో స్తంభం మీది దీపాన్నే జ్యోతిగా నిర్ణయించారు. వేదిక మీద ఒక బటన్ బిగించి, దానికి ఎర్ర రిబ్బన్ చుట్టారు. ముఖ్య అతిథి నొక్కినప్పుడే దీపం వెలగాలి. వెలిగినప్పుడే బోట్లు రావాలి. బటన్‌ను ఎవరూ ముట్టుకోకుండా కూర్మారావును కాపలా పెట్టారు.

ఆ సాయంత్రం ముఖ్య అతిథి రాలేదు. బయల్దేరాడన్నారు. తర్వాత బయల్దేరబోతున్నాడన్నారు. పొద్దుగూకింది. తూర్పున మబ్బు కమ్ముకొచ్చింది, గాలి తిరిగింది. తక్కిన బోట్లు ఆ మబ్బు చూసి దక్షిణపు రేవుకు పోయాయి. యల్లాజీ బోటు ఒక్కటే అప్పటికే రాళ్ళ దగ్గరకొచ్చేసింది. ఒడ్డున ఒకడు ఎర్రజెండా పట్టుకుని ఊపుతున్నాడు.

నీలం చీరల వరసలో మొదటి కుర్చీలో ఉన్న మసేనమ్మకు బోటు కనబడుతోంది. కెరటం కెరటానికీ లేస్తోంది, పడుతోంది. ప్రతిసారీ రాళ్ళకు ఇంకాస్త దగ్గరగా పడుతోంది. వెనక్కి పోదామంటే గాలి పోనివ్వదు, ముందుకొద్దామంటే సందు కనబడదు. నిపుణుడు చెప్పిన పాళ్ళన్నీ ఆవిడ ముఖంలో తారుమారైపోయాయి.

ఆవిడ లేచి వేదిక దగ్గరికి పరుగెత్తింది. "బాబూ! దీపం ఎయ్యండి బాబూ! బోటు రాళ్ళ మీదకి పోతంది!"

భానోజీరావు మైకు చేత్తో మూశాడు. "కూర్చోవమ్మా. నిరీక్షణ అద్భుతముగా వచ్చుచున్నది. చూడు, జనమంతా ఊపిరి బిగబట్టియున్నారు. అతిథిగారు పది నిమిషములలో వచ్చుచున్నారు."

"పది నిమిషాల్లో మడిసుండడు బాబూ!"

"ప్రజ్వలనకు నీవు అర్హురాలవు కావు. నేనును కాను. అది అతిథి స్థాయివారు చేయవలసినది."

మసేనమ్మ ఇంక ఆగలేదు. వేదిక ఎక్కింది. బటన్ ముందు కూర్మారావు నిలబడి ఉన్నాడు, శాలువాతో సహా. ఆవిడ అతని ముఖంలోకి చూసింది. అతను బోటు వైపు చూశాడు. అడ్డు నిలవమని ఆఫీసు ఉత్తర్వు జేబులోనే ఉంది. ఏమనుకున్నాడో, చటుక్కున పక్కకు జరిగాడు.

చేపలు కోసీ కోసీ మొద్దుబారిన వేలితో మసేనమ్మ ఆ బటన్ నొక్కింది. రిబ్బన్ తెగి కిందపడింది.

దీపాలు నాలుగూ ఒక్కసారి వెలిగాయి. రాళ్ళ సందు తెల్లగా బయటపడింది. బోటు ముక్కు తిప్పుకుని, సందులోంచి ఒడ్డుకు దూసుకొచ్చి ఇసుకలో ఒరిగింది. యల్లాజీ, ఇద్దరు పనివాళ్ళూ పాక్కుంటూ దిగారు. నీలం చీరలన్నీ కుర్చీలు తన్నేసి నీళ్ళలోకి పరుగెత్తాయి. మసేనమ్మ మొగుణ్ణి పట్టుకుని ఏడ్చింది, తిట్టింది, మళ్ళీ ఏడ్చింది. జనం నిలబడి చప్పట్లు కొట్టారు. ఈలలు వేశారు. ఆ రాత్రి యాప్‌లో అయిదు చుక్కల వాన కురిసింది. "మొదటి కుర్చీ ఆవిడ చేసిన ముగింపు ఘట్టం మరీ అతిగా ఉంది" అని భావ ప్రకటన నిపుణుడు ఒక్కడు మాత్రం నాలుగే ఇచ్చాడు.

ముఖ్య అతిథి రానే లేదు. మర్నాడు నోటీసు వచ్చింది. "అనర్హ హస్తముచే జరిగిన ప్రజ్వలన చెల్లదు. సదరు దీపము ప్రజ్వలింపబడనట్లే పరిగణింపబడును. మహోత్సవము రద్దు చేయబడినది." ఆ వెనకే దీపాల విభాగానికి ఇంకో ఉత్తర్వు: "వెలుగుచున్న దీపమును ఆర్పి, స్తంభము పెరికి తీసికొని రావలెను."

దీపాల విభాగంవారు నిచ్చెనతో సహా వచ్చారు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చదివారు. వెలగని దీపాన్ని ఆర్పడానికి వాళ్ళకు అధికారం లేదు. ఆర్పకుండా పెరకడానికీ లేదు. ముందు అర్హులైన వారెవరైనా వచ్చి దాన్ని యథావిధిగా వెలిగిస్తే, ఆ తర్వాత ఆర్పి పట్టుకుపోతామని రాసుకుని, నిచ్చెన మళ్ళీ వ్యానెక్కించారు. ముఖ్య అతిథిగారి తేదీ కోసం భానోజీరావు రాస్తూనే ఉన్నాడు. ఆయన తేదీ ఇవ్వలేదు. రికార్డుల్లో ఇంతవరకూ వెలగని ఆ దీపం గవ్వలపాలెం ఒడ్డున రోజూ సాయంత్రం వెలుగుతోంది.

ఎటొచ్చీ కూర్మారావు ఉద్యోగమే పోయింది. 'బటన్‌కు అడ్డు నిలువకపోవుట' అని కారణం రాశారు.

కాగితం అందిన సాయంత్రం అతను మోటారు సైకిల్ రోడ్డు మీదే వదిలేసి, వచ్చి ఒడ్డున ఇసుకలో కూర్చున్నాడు. మెడలో కార్డు లేదు. బోట్లన్నీ వచ్చేశాయి, చూడటానికి ఏమీ లేదు. గంప దులుపుకుంటున్న మసేనమ్మ అతన్ని చూసింది. ఏమీ అడగలేదు. గంప పక్కన పెట్టి, కాస్త ఎడంగా కూర్చుంది. కొర్లమ్మ వచ్చి కూర్చుంది. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. ఎవరూ మాట్లాడలేదు. ఎవరో క్యాన్‌తో టీ తెచ్చారు.

అలా చాలాసేపయింది. అలవాటు చొప్పున కూర్మారావు వేలు కదిలింది. ఒకటి, రెండు, మూడు. పదికి మించే ఉన్నారు. కంటికి కనబడే పని ఏదీ లేదు. అరగంట దాటి ఉంటుంది. చెయ్యి ఫోను దాకా వెళ్ళి ఆగిపోయింది.

"ఏటి బాబూ, నెక్కెడతన్నావేటి?" అంది మసేనమ్మ టీ గ్లాసు చేతికిస్తూ.

"లేదమ్మా," అన్నాడు కూర్మారావు. "ఊరికే చూస్తున్నాను."